కొబ్బరినీళ్ళూ నా పరీక్షా

డైటీషియన్ అవ్వాలంటే బీఎస్సీ న్యూట్రిషన్ చదివి, ఎమ్మెస్సీ చేసి, ఆపైన ఆసుపత్రిలో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేసి, చివరికి రిజిస్ట్రేషన్ పరీక్ష కూడా రాయాలని చెబితే మా అమ్మ నోరు వెళ్ళబెట్టింది.

"ఇంతోటి అన్నం ఎలా తినాలో సెప్పడానికి ఇన్ని సదువులేటే? మాం తిన్నేదేటి?" అంది.

ఇంటర్న్‌షిప్ చివర్లో ఒక రోగిని అప్పగించారు. అతని తిండి నేనే చూసుకుని, రిపోర్టులు బాగుపడ్డాయని చూపిస్తేనే మా హెడ్ మేడమ్ సంతకం పెడతారు. ఆ సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. నా కర్మకొద్దీ నాకు దొరికినవాడు కిడ్నీలు పాడైన ఒక మొండి తాత. చేపల వేటతో బతికిన మనిషి.

"ఉప్పు తగ్గించాలి తాతా," అన్నాను.

"పుట్టిన కాడ్నుంచీ ఉప్పునీల్ల మీదే బతికినాను. ఇప్పుడు ఉప్పు మానీమంటావేటి?"

ఆసుపత్రి వంట కాబట్టి ఉప్పు సంగతి నా చేతుల్లోనే ఉంది. అసలు గండం కొబ్బరిబోండాలు. రోగిని చూడ్డానికి ఉత్తచేతులతో రావడం మనవాళ్ళకి మహాపాపం కదా! ఎలమంచిలి నుంచి వియ్యంకుడొస్తే బోండాలు, అచ్యుతాపురం ఫ్యాక్టరీ నుంచి మనవడొస్తే బోండాలు. కిడ్నీలు పనిచెయ్యకపోతే కొబ్బరినీళ్ళలోని పొటాషియం రక్తంలోనే ఉండిపోయి గుండె మీదకి వస్తుందని గొంతు చించుకుని చెప్పాను. తాత బుద్ధిగా తలూపేవాడు. నేనటు వెళ్ళగానే లాగించేవాడు.

"పోతే పోద్ది లేమ్మా ప్రాణం. ఎంతమంది పోనేదు!"

ఒకరోజు రిపోర్టులో పొటాషియం మళ్ళీ పెరిగింది. వంగి చూస్తే మంచం కింద ఖాళీ బోండాలు. ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ తన్నుకొచ్చింది.

"తాగు తాతా, కడుపారా తాగు! నీ రక్తం ఇలాగే ఉంటే నా పరీక్ష గోవిందా! ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే!" అని వార్డంతా వినపడేలా అరిచేశాను.

తాత మొహం పాలిపోయింది.

"నాను తాగితే నువ్వు ఫెయిలైపోతావేటి? ముందే సెప్పొద్దేటి గుంటా!"

ఆ సాయంత్రం నుంచి వార్డులో నాకు పని లేకుండా పోయింది. బోండాంతో ఎవరొచ్చినా తాతే కసిరి పంపించేవాడు. "అట్టుకుపోండెహె అవతలికి! ఆ గుంటకి పరీచ్చుంది!" పక్క మంచాలవాళ్ళు కూడా కాపలా కాశారు. పొటాషియం దిగింది, మేడమ్ సంతకం పెట్టారు.

డిశ్చార్జి రోజు తాత ఆశగా అడిగాడు.

"పరీచ్చయిపోనాదా అమ్మా? ఇంక తాగొచ్చా?"

"ఇంకా అవలేదు తాతా," అన్నాను. అప్పటికి అది నిజమే.

తర్వాత పరీక్ష రాశాను, పాసయ్యాను. రిజిస్టర్డ్ డైటీషియన్ అని కోటుకి బిళ్ళ కూడా పెట్టుకున్నాను. తాత మాత్రం చెకప్‌కి వచ్చినప్పుడల్లా పరీక్ష సంగతే అడుగుతాడు. మళ్ళీ తప్పానని చెబుతాను. వాళ్ళ పేటలో నాకు మొద్దుపిల్లని పేరు కూడా వచ్చేసిందట, రానీ. పోయినసారి జాలిగా నా తల నిమిరి, "బెంగెట్టుకోకమ్మా, బాగా సదువుకో. నువ్వు పాసయ్యే దాకా నాను ముట్టుకోను," అన్నాడు.