ఒకేసారి మూడు జతల చెప్పులు

ఆదివారం, పొద్దున ఏడు గంటలు. మా మేడమీది గది ముందు మూడు జతల చెప్పులు ఒకేసారి కనిపించాయి... అందుకే మన కాలనీ గ్రూపులో రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... పటాన్‌చెరులో మా ఇంటి వెనక గదిలో ముగ్గురు కిరాయికి ఉండేవారు. పాలమూరు నర్సయ్య, శ్రీకాకుళం అప్పన్న, బీదర్ బసప్ప. ఒకే ఫ్యాక్టరీ, మూడు షిఫ్టులు. నులకమంచం మాత్రం ఒక్కటే. ఒకరు లేచి డ్యూటీకి పోతే ఇంకొకరు వచ్చి పడుకునేవారు. ఎవరి వంతు ఎప్పుడో గోడమీద బొగ్గుతో నేనే రాసేదాన్ని. ఒక్క గంట తప్పు పోనిచ్చేదాన్ని కాదు. ఆ మంచం ఎప్పుడూ వెచ్చగానే ఉండేది...

ఒకరోజు ఫ్యాక్టరీకి తాళం పడింది. బడి నుంచి వచ్చేసరికి గడప ముందు మూడు జతల చెప్పులు! లోపల ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి ఉన్నారు, ఎవరు కూర్చోవాలో తెలియక.

నర్సయ్య అప్పన్నను ఎగాదిగా చూశాడు. "నీ చెప్పులే ఎరుక గని, మొకం గిప్పుడే సక్కగ జూస్తున్ననే!"

అప్పన్న నవ్వలేదు. మూట కడుతూ, "నాను ఊరెళిపోతానమ్మా" అన్నాడు మా అమ్మతో.

"పోదువు గని, ముందుగాల తిను. పొద్దుగాల ఇంకో గేటు కాడ నిలబడు. గీడ గేట్లకేం కరువా?" అని అమ్మ కసిరింది.

ఐదో రోజు బసప్ప పరుగెత్తుకొచ్చాడు. "సీసాల ఫ్యాక్టరీల ముగ్గురు గావాల్నంట... జల్దీ రాండ్రి!"

ముగ్గురికీ పగటి షిఫ్టే దొరికింది. ఆ రాత్రి మంచాన్ని గోడకు నిలబెట్టి, కింద చాపల మీద వరుసగా పడుకున్నారు. ఒక్కడే మంచమెక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు. నా వంతుల పట్టీని అప్పన్న తడిగుడ్డతో తుడిచేశాడు. నాకు చాలా కోపం వచ్చింది... ఇప్పుడు ఆ గోడ కూడా లేదు.

ఇప్పుడు మా మేడమీద ఉన్నది ముగ్గురు ఒడిశా కుర్రాళ్లు. ఒక్క పరుపు, మూడు షిఫ్టులు. వాళ్ల కంపెనీ ఆగిపోయింది. సంచులు సర్దుకున్నారు. అప్పుడు పని కబురు మనిషితో పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు కాంట్రాక్టర్ ఫోన్ మోగాలి... మోగడం లేదు.

కనుక జరగవలసినవి:

1. సంచులు విప్పాలి. గది ఇంకెవరికీ ఇవ్వను.
2. పని దొరికేదాకా భోజనం మా ఇంట్లో. ముగ్గురూ ఒకేసారి కూర్చోవాలి.
3. ఈ చుట్టుపక్కల ఏ గేటు దగ్గర పని ఉన్నా కింద రాయండి. మీ ఇంట్లో ఇలా ఉండి వెళ్లినవాళ్లు గుర్తుంటే వాళ్ల గురించీ రాయండి.
4. ముగ్గురికీ ఒకే షిఫ్టు అయినా పరవాలేదు... మా ఇంట్లో చాపలున్నాయి.