ముఖం కనపడని రాణి

కలకత్తాలో సినిమా చదువు చదువుతున్న మా మనవరాలు దసరా పూజల సెలవులకి ఇంటికి వచ్చింది. మొన్న మధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుకుంటుంటే, లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మమ్మా, ఇది మన ఖరగ్‌పూర్‌లో తీసినారు, తెలుసా? మా సారు దీని గురించి క్లాసులో ఎంత సెప్పినారో" అంది. చూద్దును కదా, ఎర్రమట్టి నేల మీద రెండు వట్టి పాదాలు నడుస్తున్నాయి. పాట లేదు, మాట లేదు, ఎక్కడో ఒక కాకి. పాదాలు నడుస్తూనే ఉన్నాయి. రాజుల కథే అంటోంది గాని, మా కాలపు రాజుల సినిమాలో అయితే ఈపాటికి రెండు కత్తియుద్ధాలూ ఒక పాటా అయిపోయి రాణిగారు స్నానానికి కూడా వెళ్ళి వచ్చేది. "ముఖం సూపించకుండానే ఎంత దుఃఖం సూపించినాడో సూడు" అని మనవరాలు మురిసిపోతోంది. అప్పుడు కనిపించింది నాకు. ఎడమ కాలి రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు. ఆ వేలి మీద మట్టె తీసేసిన చోట తెల్లటి గీత. "ఆ కాళ్ళకి మొగం కూడా ఉండీదే" అన్నాను. నా నోట్లోంచి అంత కోపంగా ఎందుకు వచ్చిందో పాపం దానికి అర్థం కాలేదు.

ఆ పాదాలు మా తోడికోడలివి. నేను అక్కా అనేదాన్ని. ఎనభైల మొదట్లో నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వెళ్ళాను. న్యూ సెటిల్‌మెంట్‌లో రెండు గదుల రైల్వే క్వార్టరు. ఆ రెండు గదులకీ కలిపి ఒక అత్తగారు, అది రెండు గదులకీ ఎక్కువే. పెద్దకొడుకు, అంటే మా బావగారు, వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకి ఇంకో కొలువు కూడా ఉండేది. మన తెలుగువాళ్ళ సంఘం ఏటా శ్రీరామనవమి పందిట్లో వేసే పద్యనాటకాల్లో రాణి వేషాలన్నీ ఆయనవే. సైరన్ కూసేదాకా చేతినిండా గ్రీజు, కూశాక చేతినిండా గాజులు. సన్నటి గొంతు, సన్నటి నడుం, పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్లు. చీర కుచ్చిళ్ళు ఎలా పెట్టుకోవాలో ఆయన్ని చూసి నేర్చుకోండని అత్తగారు మా ఇద్దరితో అనేది. అనడమే కాదు, మేం కట్టుకున్న చీరలు చూసి పెదవి కూడా విరిచేది.

ఆ రాణిని తయారు చేసేది అక్క. బొబ్బిలి వైపు పిల్ల, మోకాళ్ళ దాకా జుత్తు, పిల్లల్లేరు. రాలిన ప్రతి వెంట్రుకనీ దాచి ఆయనకి సవరాలు కట్టేది. తన పెళ్ళి చీర ఆయనకి కట్టి, తన గాజులు ఆయనకి తొడిగి, తెర వెనక అద్దం పట్టుకుని నిలబడేది. ఆయన పద్యం మరిచిపోతే వెనక నుంచి అందించేది. ఆయన నడక కూడా అక్క నడకే, అది నేనొక్కదాన్నే కనిపెట్టాననుకుంటాను. ఒకసారి బియ్యం కడుగుతూ తనలో తాను ఒక పద్యం అనుకుంటే అత్తగారు వినేసింది. "ఇంట్లో ఏషాలేసీవోడు ఒకడు సాల్లేయే, నువ్వు గంజి వార్సు" అంది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర అక్క నాతో చెప్పింది. "ఒక్కపాలి ఆ తెర ముందర నిలబడాలనుంటాది సెల్లీ. పాటా వద్దు, పద్యమూ వద్దు. ఒక్కపాలి నలుగురూ నా మొగం సూస్తే సాలు." అంతకు మించి ఆమె ఎవర్నీ ఏదీ అడగ్గా నేను వినలేదు.

ఒక ఏడాది కలకత్తా నుంచి ఒక దర్శకుడు వచ్చాడు. వర్క్‌షాపులో ఒక పెద్దాఫీసరుకి స్నేహితుడట. ఖద్దరు లాల్చీ, భుజాన సంచి, మెత్తని గొంతు. ఎంత మెత్తనంటే దోమ వాలినట్టు ఉండేది, కుట్టాక గాని తెలిసేది కాదు. నటన రాని మనుషులు కావాలని వెతుకుతూ మా నాటకం చూడ్డానికి వచ్చాడు. సంగతి తెలిసి బావగారు ఆ రోజు ప్రతి పద్యం రెండేసి సార్లు పాడారు. నాటకం అయ్యాక దర్శకుడు తెర వెనక్కి వచ్చాడు. బావగారు వేషం తియ్యకుండా, బొట్టు కూడా చెరగనివ్వకుండా కూర్చుని ఉన్నారు. ఆయన భుజం మీదుగా చూసి, అద్దం పట్టుకున్న అక్కని చూపించి, "ఈ దీదీ" అన్నాడా పెద్దమనిషి. బావగారు నవ్వుతూనే, వచ్చీరాని బెంగాలీలో, రాణి వేషాలన్నీ తనవేనని చెప్పుకున్నారు. "అందుకే వద్దు దాదా. మీకు నటన వచ్చు" అన్నాడు. బావగారి నవ్వు ముఖం మీద అలాగే ఉంది గాని, దాని వెనక మనిషి లేడు.

ఆఫీసరు మాట కాదనడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. నేను ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగినదాన్ని కనక బెంగాలీ బాగా వచ్చు. అక్కకి తోడుగా, మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను పంపారు. ఊరి శివారున హిజ్లీ దాటాక సాలవృక్షాల వైపు, ఎర్రమట్టి బీడు భూమిలో షూటింగు. కథ ఎప్పటిదో మధ్యయుగాల నాటిదట. ఒక రాజు యుద్ధం నుంచి వచ్చి, ఎవరో చెప్పిన చాడీ విని, రాణికి తల గొరిగించి, మిట్టమధ్యాహ్నం వట్టి కాళ్ళతో రాజ్యం పొలిమేర దాకా నడిపిస్తాడు. ఆమె ఒక్క మాటా అనదు. ఆమె నడిచిన మేరా నేల ఎర్రబడిపోయిందనీ, మా వైపు మట్టి ఎరుపు అదేననీ కథ. విన్నప్పుడు బాగానే ఉంది. నడిచినప్పుడు తెలిసింది.

"ఏడవొద్దు. బాధ పడొద్దు. ఏమీ అనుకోవద్దు. నడు" అనేవాడు దర్శకుడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. అక్క నడిచేది. మళ్ళీ అనేవాడు. కాళ్ళు బొబ్బలెక్కితే నేను కొబ్బరినూనె రాయబోయాను. "వద్దు, మెరుస్తుంది" అన్నాడు. మట్టెలు తియ్యమన్నాడు. అక్క పాదాలు చీర కిందికి లాక్కుంది. మొగుడున్న మనిషి మట్టెలు తియ్యడమేమిటని నేను వాదించాను. ఆయన ఓపిగ్గా విని, చాయ్ తాగి, మళ్ళీ తియ్యమన్నాడు. జుత్తు కొయ్యడం ఆఖరి రోజుకి పెట్టారు. ఆ పొద్దున్న అక్క నన్ను చెట్టు చాటుకి పిలిచి, "మొగం కనపడతాదా అని అడగవే సెల్లీ. కనపడితే ఇచ్చేస్తాను" అంది. అడిగాను. దర్శకుడు ఆమె తల మీద చెయ్యి పెట్టినంత దయగా, "షొబ్ దేఖా జాబే, దీదీ" అన్నాడు. అంతా కనపడుతుంది. అక్కకి ఆ మాట తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. మంగలి ముందు కత్తెర, తర్వాత కత్తి పెట్టాడు. మోకాళ్ళ దాకా ఉన్న జుత్తు రాతి మీద కుప్పపడింది. అక్క ఏడవలేదు. ఏడవొద్దన్నారు కదా.

ఆ జుత్తు గుడ్డలో మూట కట్టి బావగారికి ఇమ్మని నా చేతికిచ్చారు. ఇంటికి వచ్చేసరికి అత్తగారు వీధి అంతా వినేలా అందుకుంది. "సింహాసెలం అప్పన్నకి ఇయ్యవే అంటే ఇయ్యనేదు. సినిమావోడికి ఇచ్చీసింది. నా కొడుకు బతికుండగానే ముండమోసినట్టు ఉందీ బోడిగుండు." బావగారు ఆ మూట తీసుకెళ్ళి తన ట్రంకు పెట్టెలో పెట్టుకున్నారు. ఆయన మంచితనం అనుకుని నేను పొంగిపోయాను కూడా.

సినిమా తయారై వచ్చేసరికి అక్క జుత్తు మెడ దాకా పెరిగింది. హిజ్లీలోని పెద్ద కాలేజీ హాల్లో వేశారు. మా వాళ్ళంతా సైకిళ్ళ మీదా రిక్షాల మీదా పట్టుచీరల్లో బయల్దేరారు. అక్క ఆ పొట్టి జుత్తుకే ఎలాగో మల్లెపూలు గుచ్చుకుంది. దీపాలు ఆర్పారు. రాజు ముఖం వచ్చింది, చాలాసేపు ఉంది. మంత్రి ముఖం వచ్చింది. మంగలి ముఖం కూడా వచ్చింది. రాణి అంటే చేతులు. రాణి అంటే రాతి మీద పడుతున్న జుత్తు. రాణి అంటే పాదాలు, పాదాలు, పాదాలు. మా వరసలో ముందు గుసగుసలు, తర్వాత కిసుక్కులు. "మొగం ఏదే? ఇంటికాడ మర్సిపోయి వచ్చిందేటి?" అన్నారెవరో. అత్తగారే అందరికంటే గట్టిగా నవ్వింది. అక్క మాత్రం ఆఖరి దాకా తెర మీంచి చూపు తిప్పలేదు, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ. ప్రొఫెసర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

బయట మెట్ల మీద దర్శకుడి చుట్టూ జనం. అక్క నా చెయ్యి పట్టుకుని నెట్టుకుంటూ వెళ్ళింది. "నా మొగం ఏటి సేసినావని అడుగు" అంది. అడిగాను. ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. "దీదీ ముఖం నన్ను చూడండి, నన్ను చూడండి అని మరీ వేడుకుంటోంది. అది ఉంచితే సినిమా పాడైపోయేది. పాదాలకి ఆ ఆశ లేదు." నేను ఆ ముక్క తెలుగులో చెప్పనన్నాను. అక్క గిచ్చి చెప్పించుకుంది. విని, తలలో పూలు తీసి, మెట్టు పక్కన పెట్టి, రిక్షా ఎక్కింది. ఆ మనిషిని నేను ఈ రోజుకీ క్షమించలేదు. ఎంత గొప్ప కళ అయితే మాత్రం ఏమిటి?

అది అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తర్వాతి శ్రీరామనవమి నాటకంలో, రెండు అంకాల మధ్య చిన్న హాస్యం ఉంటుందని బావగారు చాటించారు. సాయంత్రం వేషానికి కూర్చుని ట్రంకు పెట్టె తెరిస్తే, అందులో అక్క జుత్తుతో కట్టించిన, తలకి పెట్టుకునే నిండు టోపా ఉంది. "దువ్వు" అన్నారు. అక్క దువ్వింది. చీర కట్టింది. గాజులు తొడిగింది. ఆయన వేదిక మీదకి వెళ్ళి, జనానికి వీపు చూపించి నిలబడ్డారు. అంతే. తర్వాత ఒక కాలు వెనక్కెత్తి వేళ్ళు ఆడించారు. పందిరి ఎగిరిపోయింది నవ్వులతో. "రాణీగోరూ, మొగం సూపించండీ!" అని కేకలు. ఆయన వీపుతోనే సిగ్గుపడ్డారు, వీపుతోనే ఏడ్చారు. నటన వచ్చినవాడు కదా.

తెర పక్కన నిలబడి చూస్తున్న నాకు అద్దం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చూసేసరికి అక్క వేదిక మీద ఉంది. దీపాల వెలుగులోకి వచ్చి, నలుగురికీ ఎదురుగా తిరిగి, ముఖం ఎత్తి నిలబడింది. ఒక్క క్షణం పందిరంతా సద్దుమణిగింది. ఆ క్షణం చూశారు, నిజంగా చూశారు. అప్పుడు బావగారు నెమ్మదిగా వచ్చి, ఆమె రెండు భుజాలూ పట్టుకుని, బొమ్మని తిప్పినట్టు వెనక్కి తిప్పేశారు. న్యూ సెటిల్‌మెంట్‌లో అంత పెద్ద నవ్వు అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. వన్స్ మోర్ అన్నారు. ఆయన ఆమెని మళ్ళీ ముందుకి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పారు.

తర్వాత అక్క ఒక పదేళ్ళు పైనే బతికింది. వండింది, వార్చింది, అత్తగారికి కాళ్ళు పట్టింది. జుత్తు మాత్రం భుజం తాకితే చాలు, కూరగాయల బల్ల మీది కత్తెరతో తనే కోసుకుని పొయ్యిలో వేసేది. సవరానికి ఒక్క వెంట్రుక మిగల్చలేదు. పెళ్ళిళ్ళలో ఫొటో తీస్తామంటే గోడ వైపు తిరిగిపోయేది. ఫొటోగ్రాఫర్లు బతిమాలితే, "నాకేటి మొగమా? కాళ్ళు తీసుకోండి" అనేది. అలా ఒక్క ఫొటో లేకుండానే తొంభైల చివర్లో, జ్వరంతో, రెండు రోజుల్లో పోయింది. సంఘం గదిలో రాణి ఫొటో ఇప్పటికీ ఉంది, దండతో సహా. అది బావగారిది, అక్క జుత్తుతో.

మనవరాలు ఇదంతా విని లాప్‌టాప్ మూసేసింది. తర్వాత, "ఆవిడ ముఖం ఎలాగుండీది అమ్మమ్మా? సెప్పు, నాను రాసుకుంటాను" అంది. చెప్పబోయాను. చామనచాయ అన్నాను. పెద్ద కళ్ళన్నాను. అలాంటివాళ్ళు మా సెటిల్‌మెంట్‌లో వీధికి పదిమంది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఒకే పొయ్యి దగ్గర అన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఆ రోజు వేదిక మీద ఆ ముఖం చూసినవాళ్ళలో మా ఇంట్లో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా, దీపాల ముందు ఒక పొట్టి జుత్తు మనిషి నిలబడి ఉంటుంది గాని, ముఖం రాదు. ఏళ్ళు గడిస్తే గాయం మానుతుందంటారు. నా మట్టుకు ఏళ్ళు ఆ ముఖాన్ని చెరిపేశాయి, గాయం జోలికి మాత్రం పోలేదు.