ఊదుగొట్టం నోట్ల ఉన్నంతసేపు

మా ఊర్ల ఒక మాట ఇంటింటికీ చేరాలంటే రెండే దారులు: డప్పు కొట్టియ్యాలె, లేకుంటే నా చెవుల వెయ్యాలె. డప్పుకు కిరాయి ఉంటది, నేను ఉత్తగనే చేసిపెడుత. నగలు అతికేది మా కులవృత్తి, మాటలు అతికేది నా సొంత వృత్తి. నా నోరు మూతబడేది ఊదుగొట్టం నోట్ల ఉన్నప్పుడు ఒక్కటే.

సంగపోళ్లను పట్టెతందుకు యూనియన్ మిలిట్రీ దేవరకొండ దిక్కు క్యాంపులు పెట్టిన కాలం. ఒకనాడు పొద్దున వెనుకింటి అక్క వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సంగం దళంల ఉండె. కొంగు ముడి విప్పి కోడలి మీనాపూత పతకం నా ముందల పెట్టింది. వెండి బిళ్ల ఒకటి, దాని మీదుండే పచ్చరంగు పువ్వు ఒకటి, రెండూ విడిపోయి ఉన్నయి.

"పొద్దుగూకేలోపు అతకాలె తమ్మీ. కోడలు తల్లిగారింటి నుంచి వస్తాంది."

"గంత తొందరేందక్కా? కొడుకు ఏమన్న దిగుతాండా?"

"నువ్వు మొదలువెట్టు, చెప్త."

మీనా అంటే గాజురంగు పూత. దానికి టంకం పనికిరాదు, ఆ వేడికి రంగు పెట్లిపోతది. రెండింటి బెజ్జాలూ కలిపి వెండితీగ దూర్చి, పువ్వు మీద తడిమట్టి మెత్తి, తీగ కొసకే మంట తగలనియ్యాలె. కొస కరిగి ఆవగింజంత అయితే చీల బిగిసినట్టు. అందాక ముక్కుతో పీల్చుకుంట బుగ్గలతో ఊదాలె. ఊపిరి తెగొద్దు.

దీపం మీదికి గొట్టం వంచి ఊదుడు మొదలువెట్టిన. అప్పుడు చెప్పిందామె.

"వాడు లేడు తమ్మీ. మొన్న గుట్టల్ల కాల్చిండ్రట. క్యాంపుకు పిలిచి అంగి చూపెట్టిండ్రు. నేను కుట్టిన గుండీలే."

నా బుగ్గల నిండ గాలి. మాటకు జాగా లేదు.

"ఊర్ల ఎవరికీ ఎరుకలేదు, పిల్లకు గూడ. ఎరుకైతే ఇగ దాని మెడల ఏదీ ఉండనియ్యరు. గీ పతకం ఊడినకాన్నుంచి అడుగుతనే ఉంది. ఒక్క పూట పెట్టుకోనియ్యి, రేపు నేనే చెప్త. నీ నోటి సంగతి నాకెరుకే. ఒక్కరికన్న చెప్పక ఉండలేక, గొట్టం నీ నోట్ల ఉన్నప్పుడే చెప్తున్న."

మంట ఒక్కసారి పక్కకు వాలింది. మట్టి ఎండి రాలిన కాడ పువ్వు రేక ఒకటి నల్లవడ్డది. చీల మాత్రం బిగిసింది. అక్క పతకాన్ని కండ్లకద్దుకొని తీసుకపోయింది.

ఆ దినం నేను ఎవరి అరుగూ ఎక్కలే. జరమొచ్చిందేమోనని మా ఇంటామె రెండుసార్లు నా నొసలు పట్టి చూసింది.

పొద్దుగూకే యాళ్లకు కోడలు పిల్ల నా కుంపటి కాడికి వచ్చింది. మెడల పతకం.

"మంచిగ బిగిచ్చినవు మామా. ఆయన వచ్చి చూస్తే సంబరపడుతడు." నల్లరేకను వేలితో తడిమింది. "గానీ గిదేంది? పనిల ఉండి గూడ ఎవరితోనో ముచ్చట పెట్టినట్టున్నవ్!"

నవ్వుతాంది పిల్ల. నా ముందల కరిగించేదేమీ లేదు. అయినా ఊదుగొట్టం నోట్ల పెట్టుకొని ఉత్త దీపం మీదికి ఊదిన. ఆమె జరసేపు నిలవడి చూసి మర్లింది. గడప దాటేదాంక ఊపిరి తెగనియ్యలే.