చదవనిదే ఒప్పుకోని లోనప్పేట్టన్

కేరళలోని ఇరింజాలకుడలో లోనప్పేట్టన్ గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఎవరైనా ఇదే చెబుతారు: చివరి అక్షరం దాకా చదవనిదే ఆయన దేనికీ ఒప్పుకోడు. దేనికీ అంటే దేనికీ. బస్సు టికెట్ వెనకాల చిన్నక్షరాలు కనిపిస్తే అవి పూర్తయ్యేదాకా సీట్లో కూర్చోడు. మందుసీసాతో వచ్చే మడతల కాగితాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు చదివేలోగా జ్వరం విసుగెత్తి దానంతటదే పోతుంది. నలభై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చుని దస్తావేజులు రాసి బతికిన మనిషి. అక్షరం ఉన్నది చదవడానికేనని ఆయన నమ్మకం.

ఈ జబ్బు పెళ్లినాటికే ముదిరింది. చర్చిలో రిజిస్టరు మీద సంతకం పెట్టమని ఫాదర్ కలం చేతికిస్తే, లోనప్పేట్టన్ పేజీ వెనక్కి తిప్పి మొదటి నుంచి మొదలుపెట్టాడట. పెళ్లికొడుకు వెనకాడుతున్నాడని మామగారికి చెమటలు పట్టాయి. ఆయన భార్య రోసిలి ఇప్పటికీ చెబుతుంది: "ఆ అరగంటలోనే నాకు రెండు సంగతులు తెలిసిపోయాయి. ఈ మనిషి నన్ను మోసం చేయడు. ఈ మనిషితో ఉన్నన్నాళ్లూ నేను వేడన్నం తినను."

హెర్నియా ఆపరేషనుకు వెళ్లినప్పుడు డాక్టరు చేతి తొడుగులు వేసుకుని సిద్ధంగా నిలబడితే, ఈయన బల్ల మీద పడుకుని అంగీకార పత్రం చదువుతూ వేలెత్తాడు.

"డాక్టర్, ఇందులో 'రోగి లేదా రోగి వారసులు' అని ఉంది. రోగి ఇక్కడే ఉండగా వారసుల మాటెందుకొచ్చింది?"

డాక్టరు ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టాకే లోనప్పేట్టన్ మత్తుసూదికి చెయ్యి చాచాడు.

ఇక ఫోను సంగతి. బస్‌స్టాండు ఎదురుగా లిజీకి ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. లోనప్పేట్టన్ అక్కడే ఒక పాత ఫోను కొన్నాడు. వారం తర్వాత రోసిలి రొప్పుతూ వచ్చింది.

"లిజీ, నువ్వు మా ఆయనకు అమ్మింది ఫోనా, పుస్తకమా?"

"ఏమైంది చేచీ?" అంది లిజీ, అక్కను పలకరించినట్టు.

"ఏమవ్వాలి? ఇంకా 'అంగీకరిస్తున్నాను' అనే చోటే ఉన్నాడు. మా చెల్లెలు అవతల నుంచి ఫోన్ చేసి చేసి, మనిషి ఉన్నాడో లేడోనని ఆటో కట్టించుకుని వచ్చేసింది!"

పన్నెండో రోజున ఆయన హలో అన్నాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు దుకాణానికి వచ్చి, కూతుర్ని పిలిచినట్టు "మోళే, తొమ్మిదో షరతులో రెండో వాక్యం..." అని మొదలుపెట్టేవాడు. లిజీ తల ఊపుతూ తన పని తాను చేసుకునేది. ముసలాయనకు మనుషుల మీద నమ్మకం లేదు, అందుకే ఇదంతా అని ఆమె అనుకునేది.

లిజీ పనితనం వేరు. కంపెనీలు ఇక పనికిరావని వదిలేసిన ఫోన్లకు ఆమె ప్రాణం పోసేది. ఫోను లోపల నడిచే మూల సాఫ్ట్‌వేర్ అందరిదీ. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాన్ని పట్టుకుని లిజీ మూడేళ్లు కష్టపడి, పాత ఫోన్ల మీద తేలిగ్గా నడిచేలా, మలయాళం అక్షరాలు పెద్దగా కనపడేలా ఒక కొత్త రూపం తయారుచేసింది. పేరు మంజాడి. ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. చేపలమ్మేవాళ్లు, లాటరీ టికెట్లమ్మేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, అందరి ఫోన్లలోనూ అదే.

ఒక సోమవారం పొద్దున రిజిస్టరు పోస్టులో ఆమెకు ఇరవై మూడు పేజీల లాయరు నోటీసు వచ్చింది. మంజాడిలో ఒక పెద్ద కంపెనీ సొంత యాప్‌లను వాళ్ల అనుమతి లేకుండా కలిపి పంచుతున్నారు, ఏడు రోజుల్లో ఆపకపోతే కోర్టుకు లాగుతాం, నష్టపరిహారం రాబడతాం అని.

లిజీ భర్త డేవిస్ ముఖం పాలిపోయింది. "మొత్తం తుడిచేయ్. గుళ్లో ఏనుగు మదమెక్కితే మనం దానితో వాదిస్తామా? పారిపోతాం."

"మూడేళ్ల పని డేవిస్!"

"మూడేళ్ల పని పోతే పోయింది. దుకాణం పోతే తినేదేమిటి?"

ఆమెకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నానికి కంప్యూటరు ముందు కూర్చుని, మంజాడిని మొత్తంగా తుడిచేసే చోటికి వెళ్లింది. 'నిజంగానే తుడిచేయమంటారా?' అని అది అడిగింది. సరిగ్గా అప్పుడే గొడుగు ముడుస్తూ లోనప్పేట్టన్ లోపలికొచ్చాడు.

"మోళే, ఆ పద్నాలుగో షరతులో..."

"ఇవాళ వద్దు లోనప్పేట్టా. నా కొంప మునిగింది." ఆమె నోటీసు ఆయన ముందుకు తోసింది.

ఆయన పేజీలు లెక్కపెట్టాడు. ఓణం విందులో మూడో పాయసం వడ్డించినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇరవై మూడా! నువ్వు చదివావా?"

"రెండో పేజీలో నష్టపరిహారం అని చూసి ఆపేశాను."

"చదవకుండానే ఒప్పేసుకుంటున్నావా?" లోనప్పేట్టన్ గొంతులో నిజమైన బాధ పలికింది. "ఏడు రోజులిచ్చారు కదా. నాకు మూడు చాలు. అందాకా ఆ బొత్తాం ముట్టుకోకు."

మూడు రోజులూ ఆయన దుకాణంలో స్టూలు మీద కూర్చున్నాడు. నోటీసు చాలలేదు. మూల సాఫ్ట్‌వేర్ షరతులు, కంపెనీ యాప్‌ల షరతులు అన్నీ అచ్చు తీయించుకున్నాడు. లిజీ ప్రింటరులో సిరా అయిపోయింది. ఆయన చేతిలోని ఎర్ర పెన్సిలు అంగుళం అరిగిపోయింది. రోసిలి అన్నం అక్కడికే పంపింది, చల్లారబెట్టి మరీ.

"రిపేరుకు కొత్త మనిషిని పెట్టావా?" అని ఒకావిడ అడిగింది.

"ఆయన కాగితాల రిపేరు," అంది లిజీ నీరసంగా.

నాలుగో రోజు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మోళే, తప్పు నీదే."

లిజీకి చివుక్కుమంది. "మీరు నా పక్కా, వాళ్ల పక్కా?"

"కాగితం పక్క. విను. తోట అందరిదీ. అందులో ఏడు కొబ్బరిచెట్లు వాళ్లవి. మ్యాపు, మెయిలు, యాప్‌ల అంగడి, ఇంకా నాలుగు. నువ్వు తోట పంచుతూ ఆ చెట్లు కూడా పంచేశావు. పంచకూడదు. కానీ ఇరవై మూడు పేజీల్లోనూ వాళ్లడిగేది ఆ ఏడింటినే. తోటను ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు లేదని వాళ్లకు తెలుసు. నువ్వేమో తోటకే నిప్పు పెట్టబోయావు!"

లిజీ మెల్లగా అంది: "ఆ ఏడూ లేకపోతే మంజాడి ఎవరికి కావాలి? మ్యాపు లేని ఫోను ఎవరు వాడతారు?"

"ఫోను కొన్నప్పుడు అవి అందులో ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"ఇంటికి సున్నం వేసేటప్పుడు మన బీరువా వరండాలో పెట్టుకుని, సున్నం ఆరాక మళ్లీ లోపల పెట్టుకోమా? ఎవరి ఫోనులో ఉన్నవి వాళ్లే బయటికి తీసి దాచుకుని, మంజాడి వేశాక మళ్లీ అదే ఫోనులో పెట్టుకుంటే? బయటివాళ్లకు పంచొద్దని ఉంది. వరండాలో పెట్టొద్దని ఎక్కడా లేదు. మూడుసార్లు చూశాను."

లిజీ కీబోర్డు ముందుకు లాక్కుంది. అలా సామాను దాచి తిరిగి పెట్టే చిన్న ప్రోగ్రాము రాయడానికి ఆమెకు రెండు రోజులు కూడా పట్టదు.

మర్నాడే ఇద్దరూ కొచ్చిలో కంపెనీ లాయరు ఆఫీసుకు వెళ్లారు. గేటు దగ్గర సందర్శకుల చీటీ మీద సంతకం పెట్టడానికి పావుగంట పట్టింది. చీటీ వెనక కూడా అక్షరాలున్నాయి. లోపల హరిశంకర్ అనే కుర్ర లాయరు టై సర్దుకుంటూ కూర్చున్నాడు.

"ముందుగా, ఆ ఏడు యాప్‌లు పంచడం మా తప్పే," అన్నాడు లోనప్పేట్టన్. "ఈ అమ్మాయి నిన్ననే తీసేసింది. ఇదిగో, రాసి తెచ్చాం."

లాయరు వాదనకు సిద్ధమై వచ్చాడు. ఒప్పుకోలుకు సిద్ధమై రాలేదు. "మంచిది. అయితే ఇక..."

"ఇక పందొమ్మిదో పేజీ."

"అది మామూలుగా అన్నిట్లోనూ ఉండేదే."

"'పైన చెప్పిన రెండు ఐసు లారీలను ఏడు రోజుల్లో నడిచే స్థితిలో తిరిగి అప్పగించవలెను' అని ఉంది బాబూ. ఈ అమ్మాయికి ఒక స్కూటరుంది. నడిచే స్థితిలో ఉందని కూడా చెప్పలేం. అది సరిపోతుందా?"

హరిశంకర్ గబగబా పేజీలు తిప్పాడు. రొయ్యల కంపెనీ కేసు తాలూకు పేజీ అక్కడ హాయిగా కూర్చుని ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. లిజీ నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

లోనప్పేట్టన్ మాత్రం నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సిగ్గుపడకు. పాత కాగితం చూసి కొత్తది రాసేటప్పుడు అవుతూనే ఉంటుంది. నేను ఒకసారి చనిపోయినాయన చేత పొలం కొనిపించాను. మూడేళ్లు పన్ను కూడా కట్టించాను."

లాయరుకు నవ్వొచ్చింది. టీ తెప్పించాడు. వరండాలో బీరువా సంగతి మొత్తం చెప్పించుకుని, "ఇది మా వాళ్లతో మాట్లాడతాను" అన్నాడు. పది రోజుల తర్వాత జవాబొచ్చింది. ఏడు యాప్‌లూ తీసేశారు కనుక కేసు లేదు. ఎవరి ఫోనులో వచ్చినవి వాళ్లు ఆ ఫోనులోనే తిరిగి పెట్టుకుంటే అభ్యంతరం లేదు. డేవిస్ ఆ కాగితాన్ని చూసి, బస్‌స్టాండులో కనిపించినవాళ్లందరికీ పళంపొరి, అదే అరటిపండు బజ్జీలు, కొనిపెట్టాడు.

కొత్త మంజాడి వేయించుకోవడానికి జనం ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఏ రకం ఫోనో తెలియాలంటే వెనక మూత తీసి చూడాలి. మొదట చేపలమ్మే అమ్మిణి ఫోను మూత తీస్తే, నాలుగు మడతల కాగితమొకటి జారి కింద పడింది. తీర్చిదిద్దిన దస్తావేజు రాత. ఎర్ర పెన్సిలుతో గీతలు.

'అమ్మిణీ, ఈ యాప్ మూడు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిదానికి సరే అను. రెండోది నీ ఫోనులో ఉన్న అందరి నంబర్లూ అడగడం. వద్దను. మూడోది నీ ఇష్టం.'

"ఎవరు రాసిచ్చారమ్మా ఇది?"

అమ్మిణి బుట్ట సర్దుకుంది. "చెప్పకూడదు."

"ఎందుకని?"

"షరతుంది. కింద చూడు."

కింద చీమతలకాయంత అక్షరాలు. లిజీ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, జీవితంలో మొదటిసారి, షరతులన్నీ చివరిదాకా చదివింది. 'ఒకటి: ఈ చీటీకి డబ్బు ఇవ్వరాదు. రెండు: అర్థం కాకపోతే ఎన్నిసార్లయినా అడగవచ్చు. మూడు: రాసినవాని పేరు చెప్పరాదు.'

"మలయాళం నేను చదవగలను," అంది అమ్మిణి. "ఆ ఇంగ్లీషు నలభై పేజీలు ఎవరు చదువుతారు? ఎవరో ఒకరు చదవాలి కదా. మా కోసం చదివే మనిషి ఒకరున్నారు, అంతే."

శనివారం మధ్యాహ్నానికి పదకొండు ఫోన్ల వెనక పదకొండు చీటీలు దొరికాయి. ఏ రెండూ ఒకటి కావు. లాటరీ వేలప్పన్ చీటీలో అప్పులిచ్చే యాప్ ఒకదాని గురించి ఉంది: 'దీన్ని ముట్టుకోకు. ముట్టుకున్నావా, రోసిలితో తిట్టిస్తాను.' లిజీ ప్రతి చీటీనీ ఉన్న మడతల్లోనే మడిచి, ఉన్న చోటే పెట్టి మూత వేసింది. ఆ పూటంతా మధ్యమధ్యలో తనలో తాను నవ్వుకుంటూ ఉంది.

సాయంత్రం లోనప్పేట్టన్ వచ్చాడు. లిజీ మూడో షరతును మన్నించి చీటీల ఊసెత్తలేదు.

"లోనప్పేట్టా, మంజాడిలో ఏ యాప్ ఏది అడిగినా, దాని అర్థం మామూలు మాటల్లో ముందే కనపడేలా పెడదామనుకుంటున్నాను. అన్నీ చదివి రాసిపెట్టే మనిషి కావాలి. రాసినవాళ్ల పేరు బయటపెట్టం."

ఆయన అనుమానంగా ఆమె ముఖం చూశాడు. ఆమె స్క్రూడ్రైవరు వైపు చూసింది.

"ఒప్పంద పత్రం ఉందా?" అన్నాడు చివరికి.

లిజీ మధ్యాహ్నమే టైపు చేసి ఉంచింది. ఇచ్చింది. ఆయన చదివాడు. వెనక్కి తిప్పాడు. ఖాళీ. ఆయన ముఖం వాడిపోయింది.

"ఒక్క పేజీయేనా?"

"వెనకాల కూడా రాయమంటారా?"

లోనప్పేట్టన్ స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "రాయి మోళే. కాస్త చిన్నక్షరాల్లో."