ఒకే మేడ మీద బొంత గుడ్డ, మిరపకాయలు

సూర్యాపేటలో మా ఇంటి మేడ మీద పడే ఎండ ఎవరిదన్న విషయంలో నేనూ మా తోటికోడలూ రెండు వేసవులు పోట్లాడుకున్నాం. ఇల్లు మామగారు కట్టించింది. కింద మా బావగారి కాపురం, పైన మాది. మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తూ వారానికోసారి ఇంటికి వచ్చేవారు. అత్తమ్మ కింద తినేది, కింద పడుకునేది, మధ్యాహ్నం మాత్రం మెట్లెక్కి పైకొచ్చి నా గుమ్మంలో కూర్చుని నేను చేసే పనికి వంకలు పెట్టేది.

నేను చేసే పని బొంతలు కుట్టడం. పాత చీరల బొంతలు కావు. కొత్త నూలు గుడ్డ తానులుగా తెచ్చి, ముక్కలు కోసి, పూలూ పలకలూ పేర్చి మిషను మీద కుట్టేదాన్ని. అత్తమ్మకు ఇది జన్మలో మింగుడుపడలేదు.

"మంచిగున్న గుడ్డను కత్తిరిచ్చి మళ్ల అతుకులేసుడేందే? గిదేం పిచ్చి? చినిగినయి కలిపి కుడితె బొంతంటరు గని!" అనేది. వినీ వినీ నాకు అలవాటైపోయింది. కానీ నా పని మీద నాకే నమ్మకం పోయిన రోజు ఒకటుంది. నా మొదటి బొంతల్లో ఒకటి కోదాడలో ఒక టీచరమ్మ కొనుక్కుంది. ఎర్ర పూలు, తెల్ల నేల. నెల తిరక్కుండా దాన్ని సంచిలో కుక్కుకుని బస్సెక్కి వచ్చి నా గుమ్మంలో పారేసింది. ఒక్కసారి ఉతికిందట. ఎరుపు కారి తెలుపంతా గులాబీ మరకలు. ఎర్ర ముక్కలు కుంచించుకుపోయి చుట్టూ ఉన్న తెల్ల గుడ్డ బుడగల్లా ఉబ్బింది. ముసలివాళ్ల ముఖంలా ముడతలు పడింది ఆ బొంత.

ఆ రోజు మెట్ల మీద నిలబడి అంతా విన్న మా తోటికోడలు నవ్వింది. దాచుకుని నవ్వినా బాగుండేది.

అప్పటినుంచి కొత్త గుడ్డను ఉతకకుండా కత్తెర పెట్టలేదు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, మగ్గం బిగువు ఉంటుంది. అది కుదించుకునేదేదో బొంతలో చేరకముందే కుదించుకోవాలి, రంగు కారేదేదో బకెట్లోనే కారిపోవాలి. ముందు అంచులు విడిపోకుండా మిషను మీద ఒక కుట్టు వేస్తాను. తర్వాత ఉప్పునీళ్లలో నానబెట్టి, తొట్టిలో కాళ్లతో తొక్కి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడిస్తాను. చీరంటే ఒక చేత్తో పిండుతాం. ఈ గుడ్డలు చీరకు రెండింతలు పొడవు, మంచం కంటే వెడల్పు. తడిస్తే దున్నపోతు బరువు. భుజాన వేసుకుని మేడ ఎక్కుతుంటే వీపంతా నీళ్లు కారేవి. ఎండలో కొంచెం తడి ఉండగానే తీసి, నేల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేయాలి. పూర్తిగా ఎండితే ముడత పోదు. పెట్టెను అడ్డదిడ్డంగా లాగితే గుడ్డ సాగి నేత వంకరపోతుంది. పొడవునా పెట్టి, ఎత్తి, మళ్లీ పెట్టాలి. మోకాళ్ల మీద జరుగుతూ ఒక తాను అయ్యేసరికి నడుము విరిగిపోయేది.

ఇంతా చేయడానికి కావలసినవి నీళ్లూ ఎండా. నీళ్ల మోటారు స్విచ్ కింద మా తోటికోడలి వంటింటి గోడకు ఉండేది. మేడ మీద ఎండలో సగం ఆమె మిరపకాయలకు పోయేది.

ఆమె పుట్టిల్లు కోదాడ. చిలుకూరు దగ్గర వాళ్లకు పొలం ఉంది. ప్రతి ఏడాదీ వాళ్ల అన్న మిరపకాయల బస్తాలు తెచ్చి దింపిపోయేవాడు. ఆమె వాటిని మేడ మీద పరిచి, ఎండబెట్టి, తొడిమలు తీసి, కారం పట్టించి బంధువులందరికీ పంపేది. వాళ్ల కారమంటే మా వాళ్లందరికీ ఇష్టమే. నాకూ ఇష్టంగానే ఉండేది, ఆమెతో మాటలు నడిచినన్నాళ్లు.

మొదటి గొడవ నీళ్ల దగ్గర వచ్చింది. ఒక పొద్దున నేను తొట్టినిండా సర్ఫు నురగలో గుడ్డ తొక్కుతుంటే నల్లా ఆగిపోయింది. పైనుంచి వంగి అరిచాను.

"అక్కా, మోటరెందుకు బంద్ చేసినవ్?"

"ట్యాంకు నిండింది కదా."

"నిండలే. నేను గాడ సూసే వచ్చిన. గుడ్డ నురగల ఉన్నది, జర ఎయ్యి."

"నువ్వొక్కదానివే ఉన్నావా ఈ ఇంట్లో? పొద్దున లేస్తే దబదబా తొక్కుడు. నీ రంగునీళ్లు పైపులోంచి మా వాకిట్లో పడి ఎట్లా పారుతున్నాయో దిగి చూడు ఒకసారి. మేకను కోసినట్టుంది."

దిగి చూశాను. నిజమే, వాకిలంతా ఎర్రగా ఉంది. కానీ అది చూపించడానికి నా నీళ్లు ఆపాల్సిన పనిలేదు. నురగ గుడ్డ అలాగే తొట్టిలో మధ్యాహ్నందాకా నాని పులిసిన వాసన కొట్టింది. నేను కూడా ఊరుకోలేదు. మర్నాడు ఆమె మిరపకాయలు పరిచే చోటే, సరిగ్గా అక్కడే, తీగ కట్టించాను. తడి గుడ్డ నీళ్లు కారుతుంటే మిరపకాయలు ఎవరు పరుస్తారు? ఆమె వచ్చి చూసింది. మెట్లు దిగిపోయింది. సాయంత్రానికి తీగ తెగి ఉంది.

అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే అత్తమ్మను పిలిచి, ఇంకొకరికి వినబడేలా చెప్పుకునేవాళ్లం. బావగారు తల వంచుకుని వచ్చి తల వంచుకుని పోయేవారు. మా ఆయనకు చెబితే, "మీరిద్దరు చిన్నపిల్లలా?" అని వారానికోసారి అదే మాట అని మళ్లీ బస్సెక్కేవారు. కొత్త తీగ మేడకు ఇంకో వైపు కట్టుకున్నాను. ఆ వైపు ఆమె, ఈ వైపు నేను. మధ్యలో గోడ లేదన్న మాటే కానీ గీత ఉంది.

ఆ మరుసటి వేసవిలో నాకు పెద్ద పని తగిలింది. నాగార్జునసాగర్ దగ్గర టూరిస్టులు దిగే గెస్ట్ హౌస్ ఒకటి గదులన్నిటికీ బొంతలు కావాలంది. ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ తానులకు తానులు ఉతుకుతున్నాను. ఒక రోజు పొద్దున్నే ఎర్ర తాను ఉతికి తీగమీద వేసి, దారం కోసమని కోదాడ వెళ్లాను. అక్కడి పెద్ద బజార్లో నాకు కావలసిన దారం రంగు దొరుకుతుంది. బస్సు ఆలస్యమై మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చాను. దారి పొడుగునా గాలిదుమారం. గుడ్డ ఏమైందోనని గబగబా మెట్లెక్కితే, నా గుమ్మం ముందు ఎర్ర గుడ్డ కుప్పగా పడి ఉంది. ఎవరో తీసి అక్కడ పెట్టారు. ఎవరోనేంటి, ఇంట్లో ఇంకెవరున్నారు?

ఒక్క క్షణం మనసు మెత్తబడింది. ఎన్ని అనుకున్నా గాలి వస్తే తీసి పెట్టింది కదా అనుకున్నాను. గుడ్డ అప్పటికే ఎండిపోయింది. నీళ్లు చల్లి, మడిచి కాసేపు ఉంచి, దుప్పటి పరిచి ఇస్త్రీ పెట్టె వేడి చేశాను. అత్తమ్మ ఎప్పటిలా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మళ్ల ఎర్రదేనా? ఇంక రంగులే దొరకయా నీకు?" అంది.

పెట్టె గుడ్డ మీద పెట్టాను. పెట్టగానే సర్రున ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఏదో ఉంది. ముక్కులోకి సూదిలా దిగింది. ఒక్క తుమ్ము వచ్చింది, ఆ వెంటనే గొంతు పట్టేసింది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారాయి. పెట్టెను నిలబెట్టి కిటికీ తెరవబోయేలోపు అత్తమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఆమెకు ముందునుంచీ ఉబ్బసపు దమ్ము ఉంది. దగ్గు ఆగడం లేదు. రెండు చేతులూ గుమ్మానికి ఆనించి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. పెదవులు నల్లబడుతున్నాయి.

"బావా! అత్తమ్మకు దమ్మెగపోస్తున్నది!" అని అరిచాను. బావగారు పైకి పరుగెత్తుకొచ్చి తల్లిని ఎత్తుకుని మెట్లు దిగారు. వీధిలో ఆటో ఆపి దవాఖానకు తీసుకుపోయారు. ఆయన వెనక మా తోటికోడలు, ఆమె వెనక నేను. అంత హడావుడిలోనూ ఆమె ఆటోలో నాకు చోటివ్వలేదు. ఇంకో ఆటో ఎక్కాను.

దవాఖానలో అత్తమ్మ మూతికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. మెల్లగా ఊపిరి కుదుటపడింది. బావగారు మందులు తేవడానికి పోయారు. వరండా బల్ల మీద నేనొక చివర, ఆమె ఇంకో చివర. నా చేతులు మండుతున్నాయి. వేళ్లు వాసన చూసుకున్నాను. కారం. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఎర్ర గుడ్డ మీద ఎర్ర కారం ఎవరికి కనబడుతుంది?

"అక్కా," అన్నాను, అన్నాళ్ల తర్వాత మొదటిసారి. "గుడ్డ మిరపకాయల మీద పడ్డదా?"

"పడింది. గాలికి తీగ మీంచి జారి పడింది."

"నువ్వు సూసినవా?"

"చూడకపోతే నీ గుమ్మంలోకి ఎట్లా వచ్చింది? నేనే ఎత్తి పెట్టాను."

"దులపలే."

"నీ గుడ్డ నేనెందుకు దులుపుతాను? నా కాయలన్నీ చిందరవందర చేసింది నీ గుడ్డ. అవి ఏరుకునేసరికి నాకు పొద్దు పోయింది."

"కారమంటిందని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. "నువ్వు నాతో మాట్లాడుతున్నావా, నేను చెప్పడానికి?"

ఆ మాటతో నాకు ఇంకా మండిపోయింది. "ముసలిదానికేమన్న అయితే నీదే పాపం," అన్నాను. "ఇస్త్రీ పెట్టె ఎవరి చేతిలో ఉందో ఊరంతా చెప్తాను," అంది ఆమె. పక్క బల్ల మీద పసిబిడ్డనెత్తుకున్న ఒకామె లేచి దూరంగా పోయి నిలబడింది.

బావగారు మందులతో వచ్చేసరికి లోపలికి పిలిచారు. అత్తమ్మ మాస్కు పక్కకు జరిపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బతికి బయటపడ్డ మనిషి కళ్లలో ఉండాల్సిన మెత్తదనం ఏమీ లేదు.

"ఒకతి కారం పూసింది, ఒకతి కాల్చి పొగబెట్టింది," అంది బావగారితో. "ఇద్దరు కలిసి నన్ను ఖతం చెయ్యాలె అనుకున్నరు. నేనిగ ఆ ఇంట్ల ఉండ. నన్ను పెద్దవూరల మా తమ్ముని దగ్గర దించు."

ఎవరెంత బతిమాలినా వినలేదు. అసలు ఎంత బతిమాలామో కూడా చెప్పాలి. డాక్టరు కారం, దుమ్ము, దూది పోగులు దగ్గరికి రానీయొద్దన్నాడు. మా తోటికోడలు వెంటనే, "బొంతలు మానేయమనండి," అంది బావగారితో. నేను, "మిరపకాయలు బంద్ చెయ్యమను," అన్నాను మా ఆయనతో ఫోనులో. ఎవరికి వాళ్లం ఎదుటివాళ్ల పని ఆపించడానికి అత్తమ్మ దమ్మును వాడుకున్నాం. ముసలావిడ అది పసిగట్టింది. దవాఖాన నుంచి ఇంటికి కూడా రాకుండా నేరుగా తమ్ముడి దగ్గరికి పోయింది. ఆమె బట్టల మూట బావగారు తర్వాత ఇచ్చొచ్చారు.

ఆ ఎర్ర తానును నేను మళ్లీ ఉతికాను. తొట్టిలో తొక్కుతుంటే అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండాయి. జాడించాను, మళ్లీ నానబెట్టాను, మళ్లీ జాడించాను. వాసన పోయింది కానీ తడిచెయ్యి కంటికి తగిలితే ఇంకా మండేది. మనుషులు ముఖం దాకా కప్పుకునే బొంతలో ఆ గుడ్డ ఎలా వేస్తాను? చింపి మిషను తుడుచుకునే పీలికలు చేశాను. గెస్ట్ హౌస్ వాళ్లకు వేరే తాను తెచ్చి కుట్టిచ్చాను.

ఆమె మిరపకాయలు మానలేదు. ఈసారి మేడ మొత్తం పరిచింది, నా తీగ కింద కూడా. వానాకాలం రాకముందే మా ఆయన మిర్యాలగూడలో మిల్లు దగ్గర ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు. సామాను ఎక్కించిన రోజు బావగారు మిషను మోయడానికి చెయ్యి వేశారు. ఆమె కింద వంటింట్లో గిన్నెలు తోముతూ కూర్చుంది. గిన్నెలు అంత గట్టిగా తోముతారని నాకు అప్పటిదాకా తెలియదు.

మిర్యాలగూడ ఇంట్లో వాకిలి పెద్దది, నీళ్లకు కొదవలేదు. ఊక దుమ్ము ఎగిరొచ్చి తెల్ల గుడ్డల మీద వాలుతుంది. దానితో నాకు వేరే యుద్ధం నడుస్తోంది. అయినా అది నన్ను చూసి నవ్వదు.

మొన్న కోదాడలో మా తోటికోడలి పుట్టింటివాళ్ల పెళ్లికి పోక తప్పలేదు. బావగారు మరీ మరీ చెప్పారు. అత్తమ్మ కూడా వచ్చింది, పెద్దవూర నుంచి, కొత్త చీర కట్టుకుని. పందిట్లో దూరంగా కూర్చుని మా ఇద్దరిలో ఎవరినీ దగ్గరికి పిలవలేదు. భోజనాల్లో పెరుగు గిన్నె పట్టుకుని మా తోటికోడలే వడ్డిస్తూ వచ్చింది. వరసలో ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరిస్తూ, "ఇంకొంచెం వేసుకోండి" అని బలవంతం చేస్తూ నా దాకా వచ్చి, నా విస్తరి దాటి నా పక్కామెకు వడ్డించింది.

పక్కామె అది చూసి, "పాపం, మీకు వెయ్యలేదు, పిలవమంటారా?" అంది.

"వద్దు," అన్నాను. "నేను పెరుగు తినను."

విస్తరి మడిచి లేచాను.