డేటాబేస్‌లో దొరికిన గొంతు

పాతకాలపు విత్తనాల మీద పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, జహీరాబాద్‌లోని మా కాలేజీ లైబ్రరీలో కూర్చుని పరిశోధన డేటాబేసులు వెతికేదాన్ని. "నిపుణులు సరిచూసిన వ్యాసాలే కావాలంటే గీ గడిల టిక్కు పెట్టమ్మా," అని లైబ్రేరియన్ సారు చూపించారు. పెట్టగానే గుట్టలా ఉన్న ఫలితాలు ఒక్క పేజీకి తగ్గాయి.

అందులో ఒకటి ఝరాసంగం దగ్గరి మా ఊరి గురించే. విత్తనాలు దాచే ఒక రైతు మహిళ మాటల్ని ఎవరో పరిశోధకురాలు రికార్డు చేసి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాసింది. పేరు లేదు. ఎడమచేతికి నాలుగు వేళ్లే అని మాత్రం ఉంది. మా అమ్మకూ నాలుగే. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ చనిపోయింది. ఆమె గొంతు కూడా నాకు గుర్తులేదు.

ఆ అక్షరాలు కూడబలుక్కుంటూ మెల్లగా పైకి చదివాను. "కందులల్ల బూడిద కలిపి పెడ్త. పురుగు రాదు." నా నోట్లోంచి వస్తున్న గొంతు నాది కాదు. బొంగురుగా, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. తర్వాతి మాట విత్తనాల గురించి కాదు. "జర ఆగు బిడ్డా, వస్తున్న. గా గడప మీద కూసో."

"ఆఁ అమ్మా," అన్నాను.

సారు తలెత్తారు. "ఎవరమ్మా మాట్లాడుతున్నది?"

"నేనే సార్. చదువుకుంటున్న."

"కాదు," అన్నారాయన, నా పక్క ఖాళీ కుర్చీ వైపు చూస్తూ. "చిన్నపిల్ల గొంతు ఇనబడ్డది."

ఆ వ్యాసాన్ని థీసిస్‌లో వాడుకున్నాను. పైకి చదవడానికి మాత్రం ఇప్పటికీ ధైర్యం చాలదు, చదవాలని ఎంత ఉన్నా.