ముక్కు మూసుకుని తిన్న ఎండురొయ్యల కూర

మీరు ముక్కుతో కులం చూస్తారు. మన అమలాపురం అపార్ట్‌మెంట్ లిఫ్టులో ‘ఎండుచేపలు వండరాదు’ అని కాగితం అంటించింది మీరే.

ఆరో తరగతిలో నాతో చదివిన మీరే, నా క్యారేజీ మూత తీయగానే బెంచీ ఖాళీ చేసేవారు, గుర్తుందా? ఒక్క శ్రీను మాత్రం ముక్కు మూసుకుని వంకాయ ఎండురొయ్యల కూర రుచి చూశాడు. “ఉప్పూ కారమే, ఇంకేముందిరా?” అన్నాడు.

బడిలో ఆయాగా చేసే మా అమ్మ నవ్వింది. “ముక్కు వదలండి బాబూ. నాలిక్కి తెలిసేది అంతేనండి. మిగతా రుచంతా ముక్కుదేనండి, ఆయ్.”

వదిలాడు. క్యారేజీ ఊడ్చేశాడు. మర్నాడు మీ అందరి ముందూ మళ్లీ ముక్కు మూసుకున్నాడు. ఇప్పుడు లిఫ్టులో మీరంటించిన కాగితం కింద సంతకం వాడిదే. అది చదివిన అమ్మ ఇవాళ కూర వండలేదు.

ఆ కాగితం తీసేయండి.
మా వంటింటి జోలికి రాకండి.
శ్రీనూ, ఆ కూర బాగుందని అమ్మతో చెప్పు.